ఉద్యోగం పోయిన మనిషికి విశ్రాంతి సరిపోలేదు: ఒక కేస్ స్టడీ

మనిషి బాగా బతకడానికి తన లోపల ఏం ఉండాలో మా మానసిక చికిత్స వృత్తిలో చాలా మాట్లాడతాం. ధైర్యం, క్రమశిక్షణ, ఆలోచించే తీరు, నిద్ర, వ్యాయామం. చుట్టూ ఉన్న సమాజం నుంచి ఏం అందాలన్నది మాత్రం ఫైల్లో ఒక్క లైనుతో అయిపోతుంది: "కుటుంబ సహకారం ఉంది." ఈ కేసులో కుటుంబ సహకారం నిండుగా ఉంది. డబ్బు ఇబ్బంది అంతగా లేదు. మందులు పనిచేశాయి. చెప్పినవన్నీ ఆయన నిజాయితీగా చేశారు. అయినా సగం దూరం వచ్చి ఆగిపోయారు. ఆ మిగతా సగం దేనివల్ల కదిలిందో నమోదు చేయడానికే ఇది రాస్తున్నాను.

క్లయింట్ అనుమతి తీసుకున్నాను. ఆయన్ను ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, వృత్తి, కుటుంబ వివరాలు మార్చాను.

నేపథ్యం

యాభై దాటిన వ్యక్తి. ఒక తయారీ యూనిట్‌లో యంత్రాల మెయింటెనెన్స్ చూసేవారు. చిన్న స్థాయిలో చేరి సూపర్‌వైజర్ దాకా ఎదిగారు. రాత్రి ఏ యంత్రం ఆగినా మొదటి ఫోన్ ఆయనకే వచ్చేది. యూనిట్ మూతపడింది. రావాల్సిన సెటిల్‌మెంట్ చాలావరకు వచ్చింది. భార్య ఉద్యోగం చేస్తున్నారు, కూతురు చదువుకుంటోంది. అప్పులు లేవు. ఆయనకు ఇంతకు ముందు మానసిక సమస్యలు గానీ, తాగుడు గానీ లేవు.

ఇంట్లో అందరూ చెప్పింది ఒక్కటే: "ఇన్నాళ్లు కష్టపడ్డారు, ఇప్పుడు హాయిగా రెస్ట్ తీసుకోండి." ప్రేమతో అన్న మాటే. మొదటి కొన్ని వారాలు ఆయనకూ బాగానే అనిపించింది.

వచ్చిన సమస్య

నా దగ్గరికి తీసుకొచ్చింది భార్య. అప్పటికి యూనిట్ మూసి ఏడాది కావస్తోంది. ఆయనకు తెల్లవారుజాము దాకా నిద్ర పట్టడం లేదు, పట్టాక మధ్యాహ్నం వరకు లేవడం లేదు. ఫోన్ ఎత్తడం మానేశారు. చిన్న మాటకే విసుక్కుంటున్నారు. పక్కింటివాళ్లు అడిగితే "లాంగ్ లీవులో ఉన్నా" అని చెబుతున్నారు.

భార్య చెప్పిన ఒక విషయం దగ్గర నా కలం ఆగింది. "యంత్రాలన్నీ బాగుచేసే మనిషి అండి. మా బాత్రూమ్ కుళాయి రెండు నెలలుగా కారుతోంది. చెయ్యి పెట్టడం లేదు." ఆయన్ను అడిగితే తల ఎత్తకుండా అన్నారు: "రోజంతా ఖాళీయే మేడమ్. కానీ దేనికీ టైమ్ ఉండట్లేదు."

ఈ మాట వినగానే గుర్తొచ్చేది మరియంతాల్. ఆస్ట్రియాలో వియన్నా దగ్గరి చిన్న ఊరు. అక్కడి బట్టల మిల్లు మూతపడితే దాదాపు ఊరంతా పని పోగొట్టుకుంది. మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు ఆ ఊరిని దగ్గరగా గమనించి 1933లో ఫలితాలు ప్రచురించారు. పని లేదు కాబట్టి జనం ఎక్కువ చదువుతారనుకుంటాం. లైబ్రరీలో పుస్తకానికి తీసుకునే రుసుము ఎత్తేసినా, పుస్తకాలు తీసుకెళ్లడం దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్ల నడక నెమ్మదించింది, వీధిలో ఊరికే ఆగి నిలబడటం పెరిగింది. రోజంతా ఏం చేశారని అడిగితే చాలామంది చెప్పలేకపోయారు. సమయం ఎక్కువైనకొద్దీ అది చేతికి అందకుండా పోతుందని ఆ అధ్యయనం చూపించింది. కారుతున్న కుళాయిని సోమరితనం అనకుండా ఒక లక్షణంగా చూడటానికి ఇది నాకు ఆధారమైంది.

మొదటి నిర్ణయం: ముందు భద్రత

డిప్రెషన్ తీవ్రత చూడటానికి పీహెచ్‌క్యూ-9 ఇచ్చాను. తొమ్మిది ప్రశ్నలు, 0 నుంచి 27 వరకు స్కోరు. ఆయనది 17, అంటే మధ్యస్థ స్థాయి దాటి తీవ్రత వైపు ఉంది. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. "కొన్ని రోజులు" అని గుర్తు పెట్టారు. ఈ జవాబు వచ్చినప్పుడు చుట్టూ తిప్పకుండా నేరుగా అడగాలి. అడిగాను. ప్లాన్ లేదు, ప్రయత్నం లేదు. "నేను లేకపోతే వీళ్లకేమీ తేడా ఉండదు" అన్న ఆలోచన మాత్రం పదే పదే వస్తోంది. ఆయన అనుమతితో భార్యకు చెప్పాం. ఆలోచన బలపడితే ఎవరికి ఫోన్ చేయాలో ముగ్గురం కలిసి రాసుకున్నాం. సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాను. థైరాయిడ్, షుగర్, బీ12 పరీక్షల్లో ఏమీ తేలలేదు. యాంటీడిప్రెసెంట్ (డిప్రెషన్ తగ్గించే మందు) మొదలైంది.

అసలు కారణం ఉద్యోగం పోవడమే అయితే మందులు ఎందుకని భార్య అడిగారు. న్యాయమైన ప్రశ్న. కారణం బయట ఉన్నా, బయటికి వెళ్లి దాన్ని ఎదుర్కొనే శక్తి అప్పటికి ఆయనలో లేదు. మంచం దిగలేని మనిషికి సమాజం ఎంత మంచి అవకాశం ఇచ్చినా అందుకోలేడు. మందు ఆ కనీస శక్తి కోసం.

తర్వాత చేసింది

మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది. ఆలోపు బిహేవియరల్ యాక్టివేషన్ మొదలుపెట్టాం. మనసు బాగుపడ్డాక పని చేద్దాం అనుకోకుండా, చిన్న పనులు ముందుగా రోజులోకి తెచ్చే పద్ధతి ఇది. లేచే సమయం ఒకటే. ఉదయం నడక. రోజుకు ఒక ఇంటి పని. ప్రతి పనికీ డైరీలో రెండు మార్కులు, 0 నుంచి 10 వరకు: ఎంత సంతోషం కలిగింది, ఎంత సాధించినట్టు అనిపించింది.

ఆయన ఇంజనీరింగ్ లాగ్‌బుక్ రాసినంత శ్రద్ధగా రాశారు. నిద్ర సర్దుకుంది. చావు ఆలోచనలు ఆగాయి. పీహెచ్‌క్యూ-9 స్కోరు 12కి దిగింది. తర్వాత ఎన్ని వారాలు గడిచినా అక్కడి నుంచి కదల్లేదు.

ఇక్కడ రెండు దారులు. మందు మోతాదు పెంచమని సైకియాట్రిస్ట్‌ను అడగడం, లేదా డైరీని మళ్లీ చదవడం. ఇద్దరం మాట్లాడుకుని, మందు అలాగే ఉంచి కొంతకాలం చూద్దామనుకున్నాం. అందుకు కారణం ఉంది. మందు అసలు పట్టకపోతే నిద్ర, ఆకలి, శక్తి కూడా అలాగే ఉండేవి. ఇవి మెరుగయ్యాయి. మారనిది "నా వల్ల ఉపయోగం లేదు" అన్న ఒక్క భావన. అది శరీరం చెబుతున్న మాట కాకపోవచ్చు, ఆయన జీవితంలో నిజంగా ఉన్న పరిస్థితి గురించి ఆయన ఇస్తున్న సరైన రిపోర్టు కావచ్చు అని నా అనుమానం.

డైరీలో కుళాయి బాగుచేసిన రోజు ఉంది. సాధించినట్టు అనిపించిందా? రెండు మార్కులు. పక్కన రాశారు: "ఎవరు చేసినా అయ్యేదే." నడకకు మూడు. కొత్తగా మొదలుపెట్టిన పుస్తకానికి రెండు. వీటన్నిటి మధ్య ఒకచోట ఏడు ఉంది. ఆ రోజు అదే భవనంలో ఉండే ఒక పెద్దాయన చక్రాల కుర్చీ బ్రేకు జారుతుంటే బాగుచేశారు. పెద్దాయన తలుపు దగ్గరే కూర్చుని ఎదురుచూశాడట. బాగయ్యాక కుర్చీ తోసి చూసి, "రేపు ఆస్పత్రికి ఎలా వెళ్లాలా అనుకున్నా" అన్నాడట. రెండూ మరమ్మతులే. కుళాయి కష్టం కూడా తక్కువదేమీ కాదు. తేడా ఎక్కడుందంటే, ఒక పని కోసం ఒక మనిషి ఎదురుచూశాడు.

ఫలించని ప్రయత్నం

ఆ ఏడు మార్కులను ఆయన "నలుగురితో మాట్లాడాను కదా, అందుకే" అని అర్థం చేసుకున్నారు. కూతురూ అదే అంది: "నాన్నా, నువ్వు జనంలో తిరగాలి." నిజానికి ఆ మాటకు గట్టి ఆధారమే ఉంది. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, మూడు లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసింది. మనుషులతో సంబంధాలు బలంగా ఉన్నవారు బతికి ఉండే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువ. కాబట్టి ఆ దారి కాదనలేదు. ఆయన తన వయసువాళ్ల వాకింగ్ గ్రూపులో చేరారు. ఒక చర్చా బృందానికి కూడా వెళ్లారు.

కొన్నాళ్లకు రెండూ మానేశారు. గొడవలేమీ జరగలేదు, అందరూ మంచివాళ్లే. ఎందుకు మానేశారని అడిగితే ఆయన అన్న మాట ఈ కేసుకు కీలకం: "వెళ్తే నమస్కారం పెడతారు. వెళ్లకపోతే ఎవరూ అడగరు. నేను లేకపోయినా అక్కడ ఏదీ ఆగదు మేడమ్."

చుట్టూ మనుషులుండటం వేరు, ఆ మనుషుల లెక్కలో మనం ఉండటం వేరు. వాకింగ్ గ్రూపు మొదటిది ఇచ్చింది. ఆయన ఉద్యోగం రెండోది కూడా ఇచ్చేది. జీతం కాకుండా ఉద్యోగం ఇంకా ఏమిస్తుందో యహోదా తర్వాతి కాలంలో ఐదుగా చెప్పారు: రోజుకో కాలక్రమం, ఇంటి బయట మనుషులతో రోజూ సంబంధం, తనకంటే పెద్దదైన ఉమ్మడి లక్ష్యంలో వాటా, సమాజంలో ఒక స్థానం, క్రమం తప్పని కార్యకలాపం. ఈ ఐదింటి పక్కన ఆయన్నే టిక్ పెట్టమన్నాను. డైరీ, నడక వల్ల కాలక్రమం, కార్యకలాపం వచ్చాయి. గ్రూపు వల్ల సంబంధం కొంత. ఉమ్మడి లక్ష్యం, స్థానం ఖాళీ. ఇవి రెండూ మనిషి తనకు తానుగా ఇచ్చుకోగలిగేవి కావు. ఎంత పట్టుదల ఉన్నా సరే. ఎదుటివాళ్లు ఇస్తేనే ఉంటాయి.

క్లయింట్‌కు ఈ విషయం స్పష్టంగా చెప్పాలా వద్దా అని ఆలోచించాను. "నా చేతిలో ఏమీ లేదు" అని నీరసపడే ప్రమాదం ఉంది. కానీ తన లోపం కాని దాన్ని తన లోపంగా మోస్తూ ఉండటం ఇంకా పెద్ద ప్రమాదం అనిపించింది. చెప్పాను. ఆయన కాసేపు కాగితం వైపే చూసి, "అంటే నేను సరిగ్గా ప్రయత్నించట్లేదని కాదన్నమాట" అన్నారు. ఆ తర్వాత మా మాటల తీరే మారింది.

ఇంట్లో

బయటికి వెళ్లేముందు ఇంట్లో ఒక పని మిగిలింది. భార్యతో కలిపి కూర్చోబెట్టినప్పుడు తెలిసింది: ఆయనకు టెన్షన్ పెట్టకూడదని ఆవిడ అన్ని నిర్ణయాలూ తన మీద వేసుకున్నారు. సెటిల్‌మెంట్ డబ్బు ఎక్కడ పెట్టాలో, కూతురు ఏ కోర్సు చదవాలో ఆయన్ను అడగలేదు. ఆవిడ అలసిపోయి ఉన్నారు. ఉద్యోగం, ఇల్లు, భర్త ఆరోగ్యం, మూడూ ఒక్కరే లాగుతున్నారు. సహకారం నిండుగా ఉందని ముందు రాశాను, అది నిజమే. ఆ సహకారమే ఆయన్ను సంప్రదించనవసరం లేని మనిషిగా మార్చేసింది.

మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్‌ల సిద్ధాంతం ప్రకారం మనిషి మనసుకు మూడు ప్రాథమిక అవసరాలున్నాయి: తన నిర్ణయం తాను తీసుకునే స్వేచ్ఛ, తనకు చేతనవునన్న భావన, తోటివారితో అనుబంధం. ఇక్కడ అనుబంధం కోసం స్వేచ్ఛ తగ్గించుకోవాల్సి వచ్చింది. డబ్బు విషయాలు ఇకనుంచి ఇద్దరూ కలిసి కూర్చుని తేల్చాలని ఒప్పందం చేసుకున్నారు. ఆయన చేయాల్సింది కూడా ఒకటి ఉంది. లీవు అబద్ధం ఆపాలి. అబద్ధం నడుస్తున్నంతకాలం ఎవరూ ఆయనకు పని చూపించలేరు, ఎందుకంటే ఆయనకు పని కావాలని ఎవరికీ తెలియదు. ఇది మాత్రం పూర్తిగా ఆయన చేతిలోనిదే. పాత సహోద్యోగికి మొదటి ఫోన్ చేయడానికి చాలా రోజులు తటపటాయించారు. చేశాక తెలిసింది, అవతలి మనిషి కూడా అదే అబద్ధం చెబుతున్నాడని.

పనిచేసింది

అంగవైకల్యం ఉన్నవారికి, ఆపరేషన్ల నుంచి కోలుకునేవారికి చక్రాల కుర్చీలు, వాకర్లు తాత్కాలికంగా ఇచ్చే ఒక పునరావాస కేంద్రం ఉంది. తిరిగొచ్చిన కుర్చీలు సగం విరిగి మూల పడి ఉంటాయి. డైరీలోని ఏడు మార్కుల వల్లే ఈ ఆలోచన వచ్చింది. వెళ్లి మాట్లాడితే కేంద్రం వాళ్లు సంతోషించి, "వీలున్నప్పుడు రండి సార్" అన్నారు.

ఆ మాట దగ్గరే ఆగాం. వీలున్నప్పుడు రమ్మంటే, రాకపోయినా ఫరవాలేదని అర్థం. వాకింగ్ గ్రూపు కథే మళ్లీ జరుగుతుంది. ఆయన అనుమతితో కేంద్రం నిర్వాహకులతో మాట్లాడి కొన్ని అడిగాను. వారంలో ఫలానా రోజులు, ఫలానా సమయం అని నిర్ణయించాలి. ఒక బాధ్యత పూర్తిగా ఆయనదై ఉండాలి: ఏ కుర్చీ బయటికి వెళ్లాలన్నా బ్రేకులు, చక్రాలు చూసి ఆయన సంతకం పెట్టాలి. రాని రోజు ఫోన్ చేసి అడిగే మనిషి ఒకరుండాలి. నిర్వాహకులకు కొంచెం ఇబ్బంది అనిపించింది. ఉచితంగా వచ్చే మనిషి మీద ఇన్ని షరతులా అని. షరతులే ఆయనకు చికిత్స అని వివరించాల్సి వచ్చింది.

ఉచిత శ్రమ అన్న విషయం నన్నూ వేధించింది. డిప్రెషన్‌లో ఉన్న నిపుణుడి చేత ఊరికే పని చేయించుకోవడం సులభం. అందుకే ప్రయాణ ఖర్చులు ఇవ్వాలని, మూడు నెలల తర్వాత జీతం గురించి మాట్లాడాలని ముందే రాయించాం.

మొదట్లో సాఫీగా సాగలేదు. పనిముట్లు సరిగ్గా లేవు, రికార్డులు లేవు, ఒక ఉద్యోగితో మాటా మాటా పెరిగింది. మానేస్తానన్నారు. యూనిట్‌లో ఇలా ఉంటే ఏం చేసేవారని అడిగాను. "చెక్‌లిస్ట్ తయారుచేసేవాణ్ణి" అన్నారు. చేశారు. గోడకు అంటించారు. గొడవపడిన ఉద్యోగే దాన్ని మొదట వాడింది.

తర్వాత ఒకరోజు జ్వరమో ఏమో, చెప్పకుండా మానేశారు. ఒకరి డిశ్చార్జ్ ఆగింది, కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. నా దగ్గరికొచ్చి తలవంచుకుని చెప్పారు. డిప్రెషన్‌లో అపరాధభావం తేలిగ్గా ముదురుతుంది కాబట్టి దాన్ని కొట్టిపారేయలేదు, పెంచలేదు. "మీరు వెళ్లకపోతే అక్కడ ఏం జరిగింది?" అని మాత్రం అడిగాను. సమాధానం చెబుతూ మధ్యలో ఆగిపోయారు. వాకింగ్ గ్రూపు గురించి తాను అన్న మాట ఆయనకే గుర్తొచ్చింది.

స్కోరు 6కి దిగింది.

ఒక కాగితం

ఉద్యోగాలకు అప్లై చేయమంటే ఆయన వాయిదా వేస్తూ వచ్చారు. బయటికి భయంలాగే కనిపిస్తుంది. వివరంగా అడిగితే తెలిసింది, యూనిట్ హడావిడిగా మూసినప్పుడు అనుభవ ధ్రువపత్రం ఇవ్వలేదు. ఇన్నేళ్ల పనికి కాగితం మీద సాక్ష్యం లేదు. దీనికి ధైర్యం నేర్పితే ప్రయోజనం లేదు. అమర్త్య సేన్ వాదన ఇదే కదా: వనరు ఉండటం చాలదు, దాన్ని నిజంగా ఉపయోగించుకోగలిగే పరిస్థితి ఉండాలి. ఆయనకు నైపుణ్యం ఉంది, దాన్ని పనిగా మార్చే దారిలో ఒక కాగితం అడ్డం. మా సోషల్ వర్కర్ మూసివేత వ్యవహారాలు చూస్తున్న అధికారిని వెతికి, ఉత్తరాలు రాసి, పదే పదే గుర్తుచేసి తెప్పించారు. ఆయనతోపాటు మరికొందరు పాత ఉద్యోగులకూ వచ్చింది. వాళ్లకు సమాచారం చేరవేసింది ఆయనే.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

మొదటి ఇంటర్వ్యూలో "మీకు సపోర్ట్ ఎవరున్నారు" అని అడుగుతాం. ఇప్పుడు దాని పక్కన ఇంకోటి అడుగుతున్నాను: "రేపు మీరు వెళ్లకపోతే ఎవరి పని ఆగుతుంది?" దీనికి సమాధానం లేనివారికి వినోదాలు, హాబీలు సూచించేముందు ఆగుతున్నాను. సంతోషం, సాధన మార్కులు చూసేటప్పుడు సగటు కంటే వేరుగా నిలిచిన ఒక్క రోజునే ఎక్కువసేపు చదువుతున్నాను.

ఉద్యోగం పోవడాన్ని చిన్న దెబ్బగా చూడకూడదు. కార్స్టెన్ పాల్, క్లౌస్ మోజర్ 2009లో వందల అధ్యయనాలను కలిపి చూస్తే, మానసిక సమస్యలు పనిలేని వారిలో 34 శాతం మందిలో, పని ఉన్నవారిలో 16 శాతం మందిలో కనిపించాయి. ఇంత తేడాను ఒక్కో మనిషి ఆత్మవిశ్వాసం ఖాతాలో వేయడం అన్యాయం. సాయం చేసే సంస్థలు కూడా "వీలున్నప్పుడు రండి" అనే మర్యాదను ఒకసారి ఆలోచించుకోవాలి.

అలాగని వ్యక్తి చేయాల్సింది తక్కువేమీ కాదు. నిద్ర లేవడం, డైరీ, నిజం చెప్పడం, మానేస్తానన్న రోజున మళ్లీ వెళ్లడం, ఇవన్నీ ఆయనే చేశారు. ఇవి లేకపోతే కేంద్రం తలుపు తెరిచి ఉన్నా లోపలికి వెళ్లేవారు కాదు. కేస్ నోట్స్‌లో నేనిప్పుడు రెండు నిలువు గళ్లు గీస్తున్నాను: తన చేతిలో ఉన్నవి, ఇతరులు ఇస్తేనే వచ్చేవి. రెండో గడిలోది మొదటి గడిలో రాసి క్లయింట్‌కు హోంవర్క్‌గా ఇవ్వకుండా ఇది కాపాడుతోంది.

ప్రస్తుత స్థితి

లక్షణాలు తగ్గాక కూడా ఆరు నెలలకు పైగా మందు కొనసాగించి, సైకియాట్రిస్ట్ నెమ్మదిగా తగ్గించారు. కేంద్రం పార్ట్‌టైమ్ జీతం ఇస్తోంది. పాత జీతంతో పోలిస్తే చాలా తక్కువ, అది ఆయన్ను బాధిస్తూనే ఉంది. పూర్తికాలం ఉద్యోగం కోసం అప్లై చేస్తున్నారు. వయసు చూసి తిప్పి పంపినవాళ్లున్నారు, దానికి నా దగ్గర మందు లేదు. కేంద్రానికి నిధులు ఏటా మంజూరు కావాలి కాబట్టి, ఆ పని ఆగిపోతే ఏం చేయాలో ఆయన, భార్య, నేను కలిసి రాసుకున్నాం: మొదటి వారంలోనే నాకు ఫోన్ చేయాలి, లేచే సమయం మార్చకూడదు, ఎవరడిగినా పని పోయిందనే చెప్పాలి, చెక్‌లిస్టులు తీసుకుని ఇలాంటి పరికరాలు ఇచ్చే మరో రెండు సంస్థలను కలవాలి. ఆ సంస్థల వివరాలు ఆయన ఇప్పటికే కనుక్కుని పెట్టుకున్నారు.